గేటు దగ్గర వదిలేసిన లాబ్రడార్‌ని ఎవరికివ్వాలి?

అపార్ట్‌మెంటు గేటు దగ్గర మూడు రోజులుగా ఆడ లాబ్రడార్ తిరుగుతోందని, మీరు ఉంచుకోలేరని, ఎవరికివ్వాలో చెప్పమని అడిగారు. ఇచ్చేముందు చేయాల్సిన పనే ఎక్కువండీ.

తప్పిపోయిందా, వదిలేశారా అన్నది ముందు తేల్చండి. స్కానర్ ఉన్న వెట్‌తో భుజాల మధ్య మైక్రోచిప్ కోసం చూపించండి. ఉంటే 15 అంకెల నంబరు వస్తుంది, దాంతో యజమానిని వెతకొచ్చు. చుట్టుపక్కల కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో ఫోటో పెట్టండి, కానీ పొట్ట మీది మచ్చలాంటి గుర్తు ఒకటి బయటపెట్టకండి. నాదే అంటూ వచ్చినవాళ్లు ఆ గుర్తు చెప్పాలి, పాత ఫోటోలు చూపాలి. చనుమొనలు సాగి వేలాడుతున్నాయా చూడండి. అలా ఉంటే కుక్కపిల్లల కోసం వాడుకుని ఈడు మళ్లాక వదిలేసి ఉండొచ్చు. దాని కోసం ఎవరూ రారు.

మున్సిపాలిటీ బండిని పిలవాలని మాత్రం అనుకోకండి. 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నియమాలు వీధికుక్కల కోసం: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, పట్టిన చోటే వదలాలి. సోఫా మీద పెరిగిన కుక్క వీధిలో బతకదు. వదిలేసినవాడు సీసీ కెమెరాలో దొరికితే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఫిర్యాదు చేయొచ్చు. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు, అంతే!

బాగా చిక్కిపోయి ఉంటే గిన్నె నిండా పెట్టకండి. ఒక్కసారిగా తింటే వాంతులే కాదు, రక్తంలో లవణాలు తారుమారై ప్రాణం మీదికి రావచ్చు. ఉప్పు, కారం, ఉల్లి లేకుండా ఎముక తీసిన ఉడికించిన చికెన్, అన్నం రోజుకి నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి. పిడుదులున్నా, చిగుళ్లు పాలిపోయినా రక్తపరీక్ష చేయించి ప్లేట్‌లెట్లు చూడమనండి, టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జబ్బు) కావచ్చు. నులిపురుగుల మందు, రేబిస్ టీకా, తర్వాత మిగతా టీకాలు. ఇంట్లో వేరే కుక్క ఉంటే రెండు వారాలు విడిగా ఉంచండి.

స్టెరిలైజేషన్ (ఆ పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) చేయించకుండా ఎవరికీ ఇవ్వకండి. ‘ఉచితంగా ఆడ లాబ్రడార్’ అని పెడితే మొదట ఫోన్ చేసేది కుక్కపిల్లల్ని పుట్టించి అమ్ముకునే బ్రీడర్లే. వయసెంత, పేపర్లున్నాయా, ఆపరేషన్ అయిందా అని వరసగా అడిగి, అయిందనగానే ఫోన్ పెట్టేస్తారు. పీడ విరగడైనట్టే. ఫామ్‌హౌస్ కాపలాకి అడిగేవాళ్లకీ వద్దు. లాబ్రడార్ కాపలా కాయదు, ఎండలో గొలుసుకి కట్టేసి ఉంచుతారు.

మిగిలినవాళ్ల ఇంటికి మీరే వెళ్లండి. బాల్కనీ గ్రిల్ సందులు, గేటు చూడండి. అద్దె ఇల్లైతే ఓనర్‌తో స్వయంగా మాట్లాడండి. ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా, సంక్రాంతికి ఊరెళితే దీన్ని ఎవరు చూస్తారు అని అడగండి. ఈ రెండో ప్రశ్నకి తడుముకున్నారంటే ఇంకొకరిని చూడండి. దాని లోపాలు దాచకండి, దాస్తే వారంలో తిరిగొస్తుంది.

రెండు వారాలు ట్రయల్‌గా ఇవ్వండి. ఉంచుకోలేకపోతే మీకే తిరిగివ్వాలని కాగితం మీద రాయించి, ఐడీ కాపీ తీసుకోండి. మొదటి మూడు రోజులు తినకుండా మూల నక్కవచ్చు, అది మామూలే. తలుపు తీయగానే పారిపోయే భయం ఎక్కువగా ఉండేదీ అప్పుడే. కాలర్ తల మీంచి జారిపోతుంది కాబట్టి హార్నెస్ కూడా వేసి అప్పగించండి. మీ దగ్గర పడుకున్న గుడ్డ ఉతక్కుండా వెంట ఇవ్వండి, ఆ వాసనకి కాస్త కుదురుతుంది.