నాన్న డైరీలను మా ఫ్రీజర్ కాపాడింది

"ఫ్రిజ్‌ను ఆహారం దాచుకోవడానికి కాకుండా ఇంట్లో ఇంకా దేనికైనా వాడవచ్చా?" అని అడిగారు. వాడవచ్చు. నేను చాలా ఏళ్లుగా వాడుతున్నాను. మా ఇంట్లో ఈ అలవాటు ఒక ప్రమాదంతో మొదలైంది కాబట్టి ముందు దాని గురించే చెబుతాను.

ఒక రాత్రి గోడలోని నీళ్ల గొట్టం పగిలింది. సరిగ్గా దాని కింది అరలో నాన్న డైరీలు పదకొండు ఉన్నాయి. ఆయన పోయి అప్పటికి రెండేళ్లు. తెల్లవారి చూసేసరికి అవన్నీ నీళ్లు పీల్చుకుని ఉబ్బిపోయి ఉన్నాయి. ఒకదాన్ని తెరిచి ఫ్యాను కింద ఆరబెట్టబోతే కాగితం వేలికి అంటుకుని చిరిగిపోయింది. తడి కాగితానికి రెండు మూడు రోజుల్లోనే బూజు పడుతుంది. పదకొండు డైరీలను, పుట పుటా విడదీసి, ఆ గడువులోగా ఆరబెట్టడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. అరలో చెయ్యి పెట్టి అలాగే కూర్చుండిపోయాను.

మా పిన్ని గ్రంథాలయంలో పనిచేసి పదవీ విరమణ చేశారు. ఫోను చేసి ఏడుస్తూ చెబితే ఆవిడ అడ్డుకుని, "ఇంక ఒక్కటి కూడా తెరవకమ్మా. ఉన్నవి ఉన్నట్టు చుట్టి ఫ్రీజర్‌లో పెట్టు. తర్వాత సంగతి తర్వాత చూద్దాం" అన్నారు.

ఆ మాటలోని విలువ నాకు తర్వాత తెలిసింది. నీరు గడ్డకడితే బూజు పెరగడం ఆగిపోతుంది, సిరా ఇంకా పాకకుండా ఉన్నచోటే ఉండిపోతుంది. తడి ఎక్కడికీ పోలేదు, కానీ దాని చేతులు కట్టేసినట్టయింది. 1988 ఫిబ్రవరిలో లెనిన్‌గ్రాడ్‌లోని సోవియట్ సైన్స్ అకాడమీ గ్రంథాలయం తగలబడినప్పుడు, మంటలార్పడానికి చల్లిన నీటిలో తడిసిన పుస్తకాలను ఇలాగే గడ్డకట్టించి ఉంచారు. అంత పెద్ద గ్రంథాలయానికి పనికొచ్చిన ఉపాయం ఒక వంటింటి ఫ్రీజర్‌లోనూ పనిచేసింది.

ఎలా చేశానో కూడా రాస్తాను, ఎవరికైనా అవసరం పడవచ్చు. ఉబ్బిన డైరీని నొక్కి నీళ్లు పిండలేదు. ఒకదానికొకటి అంటుకోకుండా ఒక్కొక్కదానికీ మైనపు కాగితం వదులుగా చుట్టి, కుట్టు ఉన్న అంచు కిందికి వచ్చేలా నిలబెట్టాను. ఫ్రీజర్‌లో ఉన్నవన్నీ తీసేసి చోటు చేశాను. తర్వాత వారానికి ఒకటి చొప్పున బయటికి తీసి, మంచు కరుగుతుండగా పుటల మధ్య అద్దుడు కాగితాలు పెడుతూ, అవి తడవగానే మారుస్తూ ఆరబెట్టాను. మా ఫ్రీజర్ లోపల మంచు పేరుకోని రకం. అలాంటి దానిలో గాలి చాలా పొడిగా ఉంటుంది, గడ్డకట్టిన నీరు కరగకుండానే కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంది. అది గమనించి చివరి మూడు డైరీలను చుట్టిన కాగితం తీసేసి లోపలే వదిలేశాను. నెలలు పట్టింది కానీ అవే అన్నిటికంటే చదునుగా ఆరాయి. నాన్న నీలి సిరా కొన్నిచోట్ల అలుక్కుపోయింది. నేను తొందరపడి చింపిన ఆ ఒక్క పుట తప్ప మిగతావన్నీ చదవగలుగుతున్నాను.

అప్పటి నుంచి ఫ్రిజ్‌ను చూసే తీరు మారింది. చలి దేన్నీ బాగుచేయదు, జరుగుతున్న పాడును నెమ్మదింపజేస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టే వస్తువుకు ముప్పు వచ్చేది సాధారణంగా బయటికి తీసేటప్పుడే. చల్లటి వస్తువు గది గాలి తగలగానే చెమ్మగిల్లుతుంది. అందుకే పొడి వస్తువు ఏదైనా సరే, గాలి చొరని సంచిలో మూసి లోపల పెట్టాలి. బయటికి తీశాక ఒక రోజంతా ఆ సంచిని విప్పకుండా ఉంచాలి. అప్పుడు చెమ్మ సంచి పైన పడుతుంది, వస్తువు మీద పడదు. కింద రాసే వాటిలో పొడి వస్తువులన్నిటికీ ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

పుస్తకాలకు పురుగు పట్టినా, ఉన్ని బట్టలను చిమ్మెట పిల్లలు కొరుకుతున్నా మందులు చల్లకుండా ఫ్రీజర్‌నే నమ్ముకోవచ్చు. మ్యూజియంలలో పాత వస్త్రాలను పురుగుల నుంచి కాపాడేందుకు అనుసరించే పద్ధతి ఇది. ఇంటి ఫ్రీజర్ సుమారు మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఆ చలిలో రెండు వారాలు ఉంచితే పురుగులూ వాటి గుడ్లూ చస్తాయి. నాలుగు రోజులకే తీసేస్తే గుడ్లు బతికిపోవచ్చు. అమ్మ అల్లిన ఉన్ని శాలువాను ఏటా ఒకసారి ఇలా ఉంచి తీస్తాను. రంగులు పూసిన చెక్క బొమ్మలను మాత్రం పెట్టకండి. చెక్క ఒకలా, పై రంగు ఇంకోలా ముడుచుకుని పగుళ్లు వస్తాయి.

మా అబ్బాయికి ఉబ్బసం. వాడు పక్కలో పెట్టుకుని పడుకునే మెత్తటి కుందేలు బొమ్మను వేడినీళ్లలో ఉతికితే పాడైపోతుందని భయం. వైద్యురాలు ఫ్రీజర్ గురించి చెప్పారు. కంటికి కనబడని ధూళి పురుగులు ఒక రోజు గడ్డకట్టే చలిలో చచ్చిపోతాయి. అయితే అలర్జీ తెచ్చేది ముఖ్యంగా వాటి విసర్జన, అది చలికి పోదు. కాబట్టి తీశాక బొమ్మను మామూలు నీళ్లలో ఉతకాల్సిందే. ఈ రెండో సగం చాలామందికి తెలియదు. ఫ్రీజర్‌లో పెట్టాం కదా అని నిశ్చింతగా ఉంటే పిల్లవాడి ఆయాసం తగ్గదు.

విత్తనాల గురించి ఎంతసేపైనా మాట్లాడగలను. విత్తన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది: నిల్వ ఉంచే చోట వేడి 5 డిగ్రీలు తగ్గిన కొద్దీ విత్తనం ఆయుష్షు రెట్టింపవుతుంది, గింజలోని తేమ ఒక్క శాతం తగ్గినా అంతే. 2008లో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో తెరిచిన ప్రపంచ విత్తన భాండాగారాన్ని మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచుతారు, అంటే మన ఫ్రీజర్ చలి అంతే. కానీ వాళ్లు గింజలను ముందు బాగా ఆరబెడతారు. ఇంట్లో అంతగా ఆరవు, లోపల తేమ ఉన్న గింజ గడ్డకడితే చచ్చిపోతుంది. అందుకే నేను ఫ్రీజర్ జోలికి పోకుండా కింది అరలోనే ఉంచుతాను. బిగుతు మూత ఉన్న గాజు సీసా, అందులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం. అలా దాచిన పూల విత్తనాలు నాలుగో ఏడు కూడా చక్కగా మొలిచాయి.

చలి విత్తనాన్ని నిద్రపుచ్చడమే కాదు, నిద్ర లేపుతుంది కూడా. ఆపిల్, గులాబీ వంటి చలి ప్రాంతపు మొక్కల గింజలు కొన్ని వారాలు చల్లటి తడిలో గడిపితే తప్ప మొలకెత్తవు. శీతాకాలం దాటిపోయిందని వాటికి నమ్మకం కలగాలి. తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో ఉంచితే ఆ శీతాకాలాన్ని మనమే ఇచ్చినట్టు. తులిప్ దుంపలకూ మూడు నెలలకు పైగా ఇలాంటి చలి కావాలి. పక్కన పండ్లు మాత్రం ఉండకూడదు. మగ్గే పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు దుంపలోని పూమొగ్గను చంపేస్తుంది.

ఇక ఇన్సులిన్. ఇందులో పొరపాటుకు చోటు లేదు. అమ్మ కోసం తెచ్చిన, ఇంకా తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. తలుపు అరలో పెడితే తెరిచిన ప్రతిసారీ వేడి తగులుతుంది, లోపలి గోడకు ఆనిస్తే గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగా కనిపించినా వాడకూడదు, పారేయాలి. నేను మధ్య అరలో ఒక డబ్బాలో, పక్కనే చిన్న థర్మామీటరు పెట్టి ఉంచుతాను. చాలామంది మందుల డబ్బాను ఫ్రిజ్ పైన పెడతారు. యంత్రం వదిలే వేడి వల్ల అక్కడ వెచ్చగా ఉంటుంది, దయచేసి మార్చండి.

చిన్న చిన్న పనులు ఇంకా ఉన్నాయి. బట్టకు అంటుకున్న చూయింగ్ గమ్, కొవ్వొత్తి మైనం ఫ్రీజర్‌లో గంటసేపు ఉంచితే పెళుసుబారి గోటితోనే రాలిపోతాయి. గాజు గిన్నె అడుగున మిగిలిన మైనం కూడా ముడుచుకుని ఊడి వస్తుంది.

నలుగురూ చెప్పుకునే కొన్ని ఉపాయాలను మాత్రం నేను ఒప్పుకోను. ఇప్పటి ఆల్కలైన్ బ్యాటరీలు బయట ఉన్నా ఏడాదికి కొద్ది శాతం శక్తినే కోల్పోతాయి, ఫ్రిజ్ చెమ్మతో వాటికి నష్టమే ఎక్కువ. జీన్స్ ప్యాంటును ఫ్రీజర్‌లో పెడితే క్రిములు చావవు, వెచ్చబడగానే మళ్లీ పెరుగుతాయి. పాడైన హార్డ్ డిస్కును గడ్డకట్టిస్తే లోపల చెమ్మ చేరి, నిపుణులు తీయగలిగే సమాచారం కూడా పోవచ్చు. పెట్రోలు, థిన్నర్ వంటివి ఎప్పుడూ పెట్టకండి. వాటి ఆవిరి మూసిన పెట్టెలో నిండుతుంది, లోపలి స్విచ్చు నుంచి ఒక్క నిప్పురవ్వ వచ్చినా పేలుతుంది. ప్రయోగశాలల్లో అందుకోసం వేరే రకం ఫ్రిజ్‌లు వాడతారు.

ప్రతి పొట్లం మీద ఏముందో, ఏ తేదీన పెట్టామో, ఎప్పుడు తీయాలో పెద్ద అక్షరాలతో రాయండి. విత్తనాలు, మందులు, ఆహారం ఒకే అరలో కలపకండి. మీ ప్రశ్న కింద ఒకరు తడిసిన పెళ్లి ఆల్బం గురించి అడిగారు. అది వేరే సంగతి, ఫోటోలు పుస్తకాల్లాంటివి కావు. పుటలను బలవంతంగా లాగి విడదీయకండి. వీలైతే ఈ రోజే ఫోటోలు బాగుచేసే నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి. ఆల్బం ఎలా తయారైనదో, ఎంత తడిసిందో రాస్తే నాకు తెలిసినంతలో జవాబిస్తాను, పిన్నిని కూడా అడుగుతాను.