కెమెరా పట్టుకుపోయారు సరే, కాగితం ఏది?

ప్రశ్న: మాది కొవ్వూరు. నలుగురు ఫ్రెండ్స్‌తో కలిసి రాజమండ్రి పుష్కర ఘాట్‌లో షార్ట్ ఫిల్మ్ తీస్తుంటే, స్నానాలకు వచ్చిన ఆడవాళ్లు అభ్యంతరం చెప్పారు. కానిస్టేబుల్ వచ్చి అందరి ముందూ తిట్టి కెమెరా పట్టుకుపోయారు. ఐదు నెలలైంది. అప్పు చేసి కొన్నది, నిద్ర పట్టడం లేదు. పబ్లిక్ ప్లేస్‌లో తీయడం తప్పా? పదివేలిస్తే తెప్పిస్తానని ఒకాయన అంటున్నారు. ఇవ్వమంటారా?

జవాబు: మీ కెమెరా పోలీసు రికార్డులో ఉందా, లేదా? అంతా దాని మీదే ఉంది. కేసు పెట్టారో లేదో, పంచనామా (సాక్షుల ముందు రాసే స్వాధీన పత్రం) రాశారో లేదో మీరు ఒక్క ముక్క రాయలేదు. ఐదు నెలలుగా అది కనుక్కోకపోవడం నిర్లక్ష్యమే.

నేరంతో సంబంధం ఉందన్న అనుమానం ఉంటే వస్తువును స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు ఉంది (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సెక్షన్ 106). కానీ ఆ సంగతి వెంటనే మేజిస్ట్రేటుకు తెలపాలి. తెలిపి ఉంటే పని సులువు. అదే చట్టం సెక్షన్ 503 కింద మేజిస్ట్రేటు దగ్గర పిటిషన్ వేసి, పూచీకత్తు మీద తెచ్చుకోవచ్చు. అలాంటి వస్తువులను అవసరానికి మించి స్టేషన్లో ఉంచకూడదని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది.

తెలపకపోతే తప్పు వాళ్లదే. అయినా కెమెరా తీసుకున్నారని చూపించాల్సింది మీరు. కొన్న బిల్లు, అట్టపెట్టె మీది సీరియల్ నంబరు, ఆ పూట ఫ్రెండ్స్ ఫోన్లలో తీసిన వీడియోలు వెతికి పెట్టుకోండి. ఏదీ చెరపకండి, ఫ్రేములో ఎవరున్నారో తేల్చేది అవే. స్టేషన్ సీసీ కెమెరాల రికార్డింగు 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. నష్టపరిహారం దావాకి కూడా గడువు ఏడాదే. ఇందులో ఐదు నెలలు మీరే పోగొట్టుకున్నారు.

ఇక పర్మిషన్. వీధిలో చేతి కెమెరాతో తీయడాన్ని మొత్తంగా నిషేధించే చట్టం లేదు. లైట్లు పెట్టి జనాన్ని ఆపాలంటే నగరపాలక సంస్థ, పోలీసుల అనుమతి తీసుకోవాలి. స్నానఘట్టం సంగతి వేరు. బట్టలు మార్చుకుంటున్న స్త్రీని తెలియకుండా తీస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద ఏడాది నుంచి మూడేళ్ల జైలు. మీ ఉద్దేశం ఏదైనా, వాళ్లు వద్దన్న క్షణమే కెమెరా దించాల్సింది.

పదివేలు మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. 2018 సవరణ తర్వాత లంచం ఇచ్చినా నేరమే, ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. పైగా కేసు ఉంటే డబ్బిచ్చినా అది పోదు.

తేదీ, వేళ రాసి, కెమెరా ఎక్కడుందో చెప్పమని, ఆ రోజు ఫుటేజీ భద్రపరచమని కోరుతూ స్టేషన్ ఇన్‌స్పెక్టర్‌కీ జిల్లా ఎస్పీకీ ఇవాళే రిజిస్టర్డ్ పోస్టు చేయండి. రసీదు దాచండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే లాయర్ ద్వారా రాజమండ్రి మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లండి. కెమెరా అసలు మా దగ్గరే లేదని పోలీసులు అంటే, ఈ ఆధారాలతో హైకోర్టులో రిట్ వేయాలి.