రష్యన్ అక్షరాల్లో చైనీస్

ప్రశ్న: మావాడు కిర్గిజ్‌స్తాన్‌లో, బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నాడండీ. అక్కడ బజార్లో కూరగాయలమ్మేవాళ్ళు కొందరు చైనీస్ మాట్లాడతారట, చైనీస్ చదవడం మాత్రం రాదట, రష్యన్ అక్షరాల్లో రాసుకుంటారట. నిజమేనా? ఎవరు వాళ్ళు?
– ఒక తల్లి, నంద్యాల

జవాబు: నిజమేనమ్మా. వాళ్ళని దుంగాన్లు అంటారు, కిర్గిజ్‌స్తాన్, కజకస్తాన్‌లలో కలిపి లక్ష పైనే ఉంటారు, కూరగాయల సాగులో వాళ్ళకి చాలా పేరు. పూర్వీకులు చైనాలో గాన్సు, షాన్షీ వైపు హుయ్ ముస్లింలు, అంటే చైనీస్ మాట్లాడే ముస్లింలు. అప్పట్లో చైనాని ఏలుతున్న చింగ్ రాజుల మీద 1862లో మొదలైన తిరుగుబాటు 1877కల్లా అణిగిపోయింది, ఇంక అక్కడుంటే బతకనివ్వరని ఆ చలికాలంలోనే పిల్లాపాపలతో తియాన్‌షాన్ కొండలు దాటి రష్యా జార్ చక్రవర్తి రాజ్యంలోకి వచ్చేశారు, దారిలో మంచులోనే చాలామంది పోయారు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది రైతులు, చైనా అక్షరాలు చదవగలిగినోళ్ళు బాగా తక్కువ, అందుకని మాట వచ్చింది గానీ లిపి రాలేదు.

1920ల చివర లాటిన్ అక్షరాలు పెట్టుకున్నారు, 1950ల్లో రష్యన్‌కి మారారు. రష్యన్ అక్షరాలు 33, వాటికి ఇంకో 5 కలిపి మొత్తం 38, అంతే! వేల అక్షరాలు కంఠస్థం చేసే పనే లేదు. మరి చైనీస్‌లో పలుకు పైకెత్తితే ఒక అర్థం, దించితే ఇంకో అర్థం కదా అంటారేమో, మామూలు రాతలో వాళ్ళసలు అది చూపించరు, డిక్షనరీల్లో తప్ప. మనం "పాలు" అని రాస్తే తాగే పాలా, ఆస్తిలో పాలా అన్నది వాక్యంలో పడగానే తెలిసిపోదూ, అలాగే. ఆ అక్షరాల్లోనే యాసిర్ షివాజా (1906–1988) కవితలు రాశాడు, దుంగాన్ సాహిత్యానికి ఆద్యుడాయన. బిష్కెక్‌లో వాళ్ళ పేపరు కూడా ఉంది, "హుయెయ్‌మిన్ బో" అని. బీజింగ్ వాళ్ళు పేపర్ని "బావో" అంటే వీళ్ళకది "బో", బాగుందనడానికి వాళ్ళు "హావో" అంటే, వీళ్ళకి "హో".

రాతకి తీసుకుంది గాన్సు యాసని. కజకస్తాన్‌లో మసాంచీ అనే ఊరి చుట్టుపక్కల వాళ్ళది షాన్షీ యాస, వాళ్ళు ఇంట్లో ఒకటి మాట్లాడి పుస్తకంలో ఇంకోటి చదవాలి, ఇది మనకీ తెలిసిన బాధే.

ప్రశ్న: మరి చైనా వాళ్ళు వీళ్ళతో మాట్లాడగలరా?
– అదే పాఠకురాలు

జవాబు: ఇల్లు, తిండి, పొలం లాంటివైతే చాలావరకు నడుస్తుంది, మధ్యలో రష్యన్, అరబిక్, పారసీ, టర్కిక్ మాటలు దొర్లితే అక్కడ ఆగిపోతారు. కాగితం మీదైతే మాత్రం ఇద్దరికీ సున్నా. సోవియట్ పోయాక దుంగాన్ పిల్లలు చైనాలోని షియాన్, లాన్‌జౌ నగరాలకి వెళ్ళి చదువుకుంటున్నారు, వ్యాపారాల్లో దుబాసీ పని చేస్తున్నారు, ఆ బతుకుతెరువు మంచిదే. కానీ చైనా వెళ్ళినోళ్ళకి అక్కడి స్టాండర్డ్ చైనీస్ అలవాటవుతోంది, సిటీలో పెరిగినోళ్ళకి రష్యన్ అలవాటవుతోంది, అమ్మమ్మల నాటి మాట పల్లెల్లోనే గట్టిగా నిలిచింది. నన్నడిగితే ఆ పల్లె బళ్ళలో దుంగాన్ క్లాసు ఆపకుండా చెప్పించడం అన్నిటికంటే అర్జెంటు.