డాబా మీది ఒంటి గదికి మారుతున్న శిరీషకు

చి. సౌ. శిరీషకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

మీరు చూసొచ్చిన డాబా మీది గది కొలతలు మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గది 10 బై 12, వంటిల్లు 6 బై 8, పక్కనే బాత్రూమ్, ముందర ఖాళీ డాబా. అద్దె 7,000. "అందులో ఇద్దరు ఎలా మసులుతారక్కా" అని దాని బెంగ. దానికేం చెప్పాలో ముందు రాస్తాను. మనుషులుండే గది 9.5 చదరపు మీటర్లకు తగ్గకూడదని మన దేశపు భవన నిర్మాణ నియమావళి అంటుంది. అంటే 102 చదరపు అడుగులు. మీది 120. ఇద్దరికి చాలు. వాళ్లతోపాటు డబుల్ కాట్, సోఫా, డ్రెస్సింగ్ టేబుల్, పెళ్లిలో వచ్చిన డిన్నర్ సెట్లు కూడా కాపురానికొస్తే మాత్రం చాలదు.

ఒక లెక్క వేసి చూడు. గది, వంటిల్లు కలిపి 168 చదరపు అడుగులు. 7,000 అద్దెను దాంతో భాగిస్తే అడుగుకి నెలకు 40 రూపాయల పైచిలుకు. 5 బై 6న్నర డబుల్ కాట్ 32న్నర అడుగులు తింటుంది, అంటే నెలకు సుమారు 1,350 రూపాయల నేల దాని కిందే పోయినట్టు. సోఫా 15 అడుగులు, 600 పైన. ఫ్రిజ్‌కి నాలుగున్నర అడుగులు, 190 లోపు. ఫ్రిజ్ ఆ అద్దె సంపాదించుకుంటుంది, ఉండనీ. సోఫా సంపాదించదు. వచ్చినవాళ్లు కూర్చోవడానికి చాపలున్నాయి, రెండు మడత కుర్చీలు తలుపు వెనక నిలబడతాయి. ఏ వస్తువు తెస్తానన్నా ఈ లెక్క మీద పెట్టి చూడండి. సగం వాటికి అక్కడే జవాబు దొరుకుతుంది.

ఇక అడ్వాన్స్ ఇచ్చే ముందు గదిని రెండుసార్లు చూడాలి. పొద్దున చూస్తే డాబా మీది ప్రతి గదీ చల్లగా, హాయిగానే ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికోసారి, రాత్రి తొమ్మిదింటికోసారి వెళ్లండి. కాంక్రీటు స్లాబు పగలంతా తాగిన ఎండను సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా లోపలికి వదులుతుంది, అందుకే రాత్రి చూడమంటున్నాను. స్లాబు కాక రేకుల కప్పు అయితే ఈ ఉత్తరం ఇక్కడితో చింపేసి వేరే గది వెతుక్కోండి.

వెళ్లేటప్పుడు ఒక అగరొత్తి, టార్చి, టేపు పట్టుకెళ్లు. తలుపు, కిటికీలు తెరిచి గది మధ్యలో అగరొత్తి వెలిగించు. పొగ ఒక వైపుకి సాగిపోతే గాలి ఆడుతున్నట్టు. నిలువుగా లేచి అక్కడక్కడే తిరిగితే ఒక వైపే కిటికీ ఉన్నట్టు, లేదా ఎదుటి కిటికీకి పక్కింటి గోడ అడ్డమున్నట్టు. మన హైదరాబాద్ లాంటి పొడి వేడి ఊళ్లలో కిటికీల వైశాల్యం నేలలో కనీసం పదో వంతు ఉండాలి. మీ గదికి 12 చదరపు అడుగులు, అంటే 3 బై 4 కిటికీ ఒకటి. అంతా ఒకే చోట కాకుండా ఎదురెదురు గోడల్లో సగం సగం ఉంటే ఇంకా మేలు.

టార్చి నల్లుల కోసం. తలుపు చట్రం సందుల్లో, గోడ పగుళ్లలో, పాత మంచం వదిలి వెళ్లి ఉంటే దాని కీళ్లలో వేసి చూడు. మిరియం పగలగొట్టి చల్లినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తే మందు కొట్టించాకే దిగుతామని ఓనరుకి చెప్పండి. సామాను దించాక కొట్టించడం రెట్టింపు పని.

కుళాయి తిప్పి చూడు. డాబా మీది గదికి నీళ్ల ట్యాంకు పక్కనే ఉంటుంది కాబట్టి ఇబ్బంది ఉండదనుకుంటారు. నిజానికి ఇబ్బంది అక్కడే. ట్యాంకు కుళాయి కన్నా ఎంత ఎత్తులో ఉంటే అంత ఒత్తిడి వస్తుంది. కింది అంతస్తు వాళ్లకి ధారగా వచ్చేది మీకు సన్నగా వస్తుంది, వాషింగ్ మిషన్ నిండటానికి అరగంట పట్టొచ్చు. బకెట్ స్నానానికి పర్లేదు, షవర్ ఆశ వదులుకోండి. నల్ల ట్యాంకు ఎండలో ఉంటే ఏప్రిల్ మధ్యాహ్నం కుళాయిలో వేణ్ణీళ్లే వస్తాయి. రెండు బకెట్లు పొద్దున్నే పట్టి లోపల పెట్టుకుంటే సాయంత్రం స్నానానికి పనికొస్తాయి.

కరెంటు సంగతి అబ్బాయిని చూడమను. వేరే మీటరా, ఓనరు మీటరుకి తగిలించిన సబ్ మీటరా? సబ్ మీటరైతే ఇద్దరి వాడకమూ కలిసి ఒకే బిల్లుగా పై రేటు శ్లాబుకి ఎక్కుతుంది, యూనిట్ రేటు పెరుగుతుంది. యూనిట్‌కి ఎంత తీసుకుంటారో ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. వంటింట్లో 16 ఆంపియర్ల సాకెట్ ఉందో లేదో చూడండి. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి 9 ఆంపియర్ల దాకా లాగుతుంది. దాన్ని 6 ఆంపియర్ల చిన్న సాకెట్లో పిన్ను మార్చి పెడితే మొదటి వారం పని చేస్తుంది, తర్వాత ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది.

ఎండకి మందు గది లోపల కన్నా కప్పు మీదే బాగా పని చేస్తుంది. ఫిబ్రవరి ఆఖర్లో ఓనరుని అడిగి మీ గది కప్పుకి సున్నం వేయించండి. 5 కిలోల రాయి సున్నం, 25 లీటర్ల నీళ్లు చాలు. ఇనుప డబ్బాలో ముందు కొద్దిగా నీళ్లు పోసి అందులో సున్నం కొంచెం కొంచెంగా వెయ్యాలి. సున్నం మీద నీళ్లు గుమ్మరిస్తే ఉడికి మీదికి చిమ్ముతుంది, కళ్లలో పడితే చూపుకే ప్రమాదం. ప్లాస్టిక్ బకెట్ వద్దు, ఆ వేడికి మెత్తబడిపోతుంది. ఒక రోజు నాననిచ్చి, మిగతా నీళ్లు కలిపి, పలచటి గుడ్డలో వడగట్టి, వేడి నీళ్లలో కరిగించిన వంద గ్రాముల తుమ్మ జిగురు కలపాలి. కప్పు మీద నాచు, దుమ్ము గీకి కడిగి, ఆరాక రెండు పూతలు. జిగురు లేకపోతే మొదటి గాలివానకే కొట్టుకుపోతుంది. ఉన్నా వానాకాలం దాటి నిలవదు, ఏటా వెయ్యాల్సిందే. తెలంగాణ ప్రభుత్వమే 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కాబట్టి ఓనరు దీన్ని వింతగా చూడడు.

స్లాబు కింది సీలింగ్ ఫ్యాన్ ఏప్రిల్, మే రాత్రుల్లో పైనున్న వేడినే కిందికి తోస్తుంది. ఆ రెండు నెలలూ చీకటి పడ్డాక టేబుల్ ఫ్యాన్‌ని కిటికీ దగ్గర పెట్టి బయటి గాలిని లోపలికి తెప్పించండి. కూలర్ కొంటే అది కిటికీలో బయటికి వీపు పెట్టి ఉండాలి, ఎదుటి తలుపో కిటికీయో తెరిచి ఉండాలి. అన్నీ మూసి మధ్యలో కూలర్ పెడితే గంటలో గదంతా చెమ్మ, ఒళ్లంతా జిడ్డు. తప్పు కూలర్‌ది కాదు, తడిగాలి బయటికి పోయే దారి లేదంతే.

సామాను ఎక్కడ పెట్టాలన్నది మన పాతిళ్లని చూసి నేర్చుకోవాల్సిన విద్య. ఉట్టి, దండెం, చిలక్కొయ్య, గోడ గూడు, అటక, అన్నీ నేలకి పైనే. పగలు నేల మీద ఏమీ ఉండదు, అందుకే ఆ ఒక్క గదిలోనే పప్పులు ఎండేవి, పిల్లలు ఆడేవాళ్లు, పదిమంది భోజనానికి కూర్చునేవాళ్లు. మీరూ అదే చేయండి. బట్టలకు రెండు గోడల మధ్య మూల దగ్గర ఒక దండెం, స్టీలు గొట్టమైతే వంగదు. సంచులు, గొడుగు, హెల్మెట్లకు తలుపు పక్కన కొయ్యలు. వంటింట్లో తల ఎత్తున 8 అంగుళాల వెడల్పు అర. అంతకన్నా వెడల్పైతే వెనక వరసలో ఏముందో మర్చిపోతారు, అవే పురుగు పడతాయి. గోడకి రంధ్రం పెట్టే ముందు దాని మందం చూడండి. నాలుగున్నర అంగుళాల గోడలో మేస్త్రి పొడుగు బిట్టు పెడితే అవతలికి తేలుతుంది, ఆ దారిన వాన నీరు దిగుతుంది.

అటక మీద తేలికవే పెట్టాలి. దుప్పట్లు, ఖాళీ సూట్‌కేసు, పండగ గిన్నెలు. ప్రతి పెట్టె మూత లోపల ఏమున్నాయో కాగితం అంటించు. ఏడాదిలో ఒక్కసారీ కిందికి దిగని పెట్టెని మీ అమ్మ దగ్గరికో, అవసరమున్న వాళ్లకో పంపెయ్యి.

బీరువా తప్పనిసరైతే బయటి గోడకి కాకుండా లోపలి గోడకి, మూడంగుళాలు ఎడంగా పెట్టండి. వానాకాలంలో బయటి గోడ చెమర్చి, గాలి ఆడని ఆ సందులో బూజు పడుతుంది. పట్టుచీరలకి ముక్కవాసన వచ్చేది అందుకే. తడి బట్టలు గదిలో ఆరేసి తలుపు వేసుకోవడం కూడా ఆ బూజుకి పాలు పోసినట్టే.

మంచం విషయంలో నా మాట వినండి. బూరుగు దూది పరుపులు రెండు, ఒక్కొక్కటి మనిషి వెడల్పుది, నాలుగంగుళాల మందం. పొద్దున్నే మడిచి మూలన పెట్టి పైన దుప్పటి కప్పితే అదే దివాను. వారానికోసారి డాబా మీద రెండు గంటల ఎండ చూపిస్తే దూది మళ్లీ పొంగుతుంది. ఫోమ్ పరుపు రోజూ మడవడానికి పనికిరాదు, మడత దగ్గరే చస్తుంది. పరుపు కింద చాప తప్పనిసరి, పొద్దున చాప కూడా ఎత్తాలి. ఎత్తకపోతే జూలైలో పరుపు అడుగున నల్ల మచ్చలు తేలతాయి. నడుము నొప్పి ఉన్నవాళ్లకి కిందనుంచి లేవడం కష్టం, అలాంటప్పుడు మడత మంచం కొనండి. లోపల సామాను పెట్టుకునే పెట్టె మంచం మాత్రం వద్దు. అందులో చేరిన సామాను బయటికి రాదు, నల్లులకు అంతకు మించిన వసతి లేదు.

వంటింటి గట్టు ఆరడుగులు. రెండడుగులు పొయ్యి, అడుగున్నర సింకు, మిగిలింది తరగడానికి. అక్కడ నీళ్ల ఫిల్టరు, మిక్సీ, ఓవెన్ చేర్చితే కూర తరిగే చోటు పోతుంది. మిక్సీని పై అరలో పెట్టి వాడేటప్పుడే దించు. ఐదు లీటర్ల కుక్కర్, అందులో పట్టే రెండు గిన్నెలు, ఒక మూకుడు, పెనం, పాలగిన్నె, చారు గిన్నె చాలు. కందిపప్పు అరగంట నానబెట్టి కింది గిన్నెలో, బియ్యం పై గిన్నెలో పెడితే ఒక మంట మీద రెండూ అయిపోతాయి. బియ్యం 25 కిలోల బస్తా వద్దు. ఇద్దరికి నెలకు పది, పన్నెండు కిలోలు ఆడుతుంది, రెండో నెలకి వాన తేమకి పురుగు పడుతుంది. పది కిలోలు తెచ్చి మూత బిగుతున్న స్టీలు డబ్బాలో పొయ్యి. ఆవకాయ కిలో జాడీ మీ దగ్గర, మిగతాది మీ అమ్మ దగ్గర.

గ్యాసు సిలిండర్ గట్టు కిందే నిలబెట్టాలి, పొయ్యి దానికన్నా ఎత్తులో ఉండాలి. వంట గ్యాసు గాలికన్నా బరువు, కారితే నేల మీదే పరుచుకుంటుంది. మీరు పడుకునేదీ నేల మీదే. రాత్రి రెగ్యులేటర్ కట్టేశాకే పరుపు పరవండి. నారింజ రంగు రబ్బరు గొట్టాన్ని ఐదేళ్లకోసారి మార్చాలి, ఒకటిన్నర మీటర్లకు మించి పొడుగు ఉండకూడదు. తాలింపు పొగ నేరుగా దండెం మీది బట్టలకే పడుతుంది కాబట్టి తొమ్మిదంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించుకోండి. అది తిరిగేటప్పుడు గది కిటికీ తెరిచి ఉంచు. గాలి లోపలికొచ్చే దారి లేకపోతే ఫ్యాన్ చప్పుడే మిగులుతుంది, పొగ పోదు.

ఇంత జాగ్రత్త పడితే ఏమొస్తుందంటావా? ఊడ్చి తడిగుడ్డ పెట్టడం ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. పోయిన వస్తువు ఐదు నిమిషాల్లో దొరుకుతుంది. బజారులో ఏదైనా కొనబోతే "ఎక్కడ పెడతాం" అన్న ప్రశ్న ముందే అడ్డొచ్చి చెయ్యి ఆగుతుంది, నెలాఖరుకి ఆ డబ్బు చేతిలోనే ఉంటుంది. సాయంత్రం డాబా మీద చాప వేసుకుంటే అది మీ హాలు, అద్దె లేని హాలు.

కష్టం కూడా చెప్పాలి. కోపమొస్తే వేసుకోవడానికి ఇంకో గది తలుపు ఉండదు. అబ్బాయికి రాత్రి షిఫ్టు అంటున్నారు కదా, గోడకి మడిచే బల్ల రెండడుగుల వెడల్పు, 30 అంగుళాల ఎత్తున బిగించి, వెలుగు బల్ల మీదే పడే చిన్న దీపం పెట్టండి. పెద్ద లైటు వెయ్యకూడదు, ఫోను మాటలు డాబా మీదే. రోజుకో గంట ఒకరు గదిలో, ఒకరు బయట విడివిడిగా ఉండండి, అలిగినప్పుడే కాదు, బాగున్నప్పుడూ. చుట్టాలొస్తే ఇద్దరి దాకా డాబా మీద పడుకోవచ్చు. వానాకాలంలో మాత్రం భోజనానికి పిలవండి, రాత్రికి పిలవకండి. ముందే చెబితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఉంటాను.

మీ పెద్దమ్మ

అన్నట్టు, మీ అత్తగారు ఇస్తానంటున్న బీరువా 78 అంగుళాల ఎత్తు, 36 వెడల్పు, 19 లోతు ఉంటుంది. ఆ ఇంటి మెట్ల వెడల్పు, మలుపు దగ్గర పైకప్పు ఎత్తు, గది తలుపు వెడల్పు ముందు టేపు పెట్టి కొలవండి. సన్నటి మెట్లయితే మలుపులో తిరగదు, తాళ్లు కట్టి బయటి నుంచి లాగాల్సొస్తుంది. కొలిచాక ఆ సంగతి అత్తగారికి నువ్వు చెప్పకు, అబ్బాయి చేత చెప్పించు.