కుర్చీ ఊగితే వీడియో గేమ్ అయినట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. పరీక్షలు అయ్యేదాకా వీడియో గేముల జోలికి పోనని మాకు మాట ఇచ్చాడు. మొన్న సంక్రాంతికి మేనమామతో ఐనవోలు మల్లన్న జాతరకు వెళ్లి, అక్కడి గుడారంలో కళ్లద్దాలు పెట్టుకుని చూసే ‘7డి’లో కూర్చున్నాడు. తిరిగి వస్తూ హనుమకొండలో ఒక మాల్‌కు వెళ్లి, స్టీరింగు తిప్పుతుంటే సీటు కదిలే కారు రేసు కూడా ఆడాడు. రెండూ జెయింట్ వీల్ లాంటివే, వీడియో గేములు కావని వాడి వాదన. తెర ఉంది, కంప్యూటర్ ఉంది కనుక రెండూ వీడియో గేములేనని వాళ్ల నాన్న అంటున్నారు. ఇంతకీ వాడు మాట తప్పినట్టా, కాదా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: మీ అబ్బాయి వాదన సగం నిలుస్తుందమ్మా. గుడారంలో చూసినది వీడియో గేమ్ కాదు. మాల్‌లో ఆడినది ముమ్మాటికీ వీడియో గేమే.

గుడారంలో జరిగేది ఇది. కొన్ని నిమిషాల సినిమా ఒకటి నడుస్తుంది. ఏ క్షణంలో సీటు ఎటు వంగాలో, ఎప్పుడు గాలి కొట్టాలో, ఎప్పుడు నీళ్లు చిలకరించాలో ఆ సినిమాతో పాటే ముందుగా రాసిపెట్టి ఉంటుంది. మీ వాడు కళ్లు మూసుకుని కూర్చున్నా తెర మీది బండి అదే గోతిలో పడుతుంది, తర్వాతి ప్రదర్శనకు కూర్చున్నవారికీ అక్కడే పడుతుంది. (ఆ ‘7’ అంకెకు స్థిరమైన ప్రమాణం ఏదీ లేదు. గాలినీ నీళ్లనీ కూడా లెక్కలో కలుపుకుని ఎవరికి తోచిన అంకె వారు బోర్డు మీద రాసుకుంటారు.) కూర్చున్న మనిషి చేసే పనిని బట్టి తరువాత జరిగేది మారనప్పుడు, అది ఒళ్లు ఊపే సినిమాయే తప్ప ఆట కాదు.

మాల్‌లోని కారు రేసులో స్టీరింగును ఆలస్యంగా తిప్పితే కారు గోడకు గుద్దుకుంటుంది, ఆ కుదుపు సీటుకు వస్తుంది, పందెంలో వెనుకబడతాం. సీటు చేసే మాయ మాత్రం రెండు చోట్లా ఒకటే. తెర మీద బండి ముందుకు దూసుకుపోతున్నప్పుడు సీటును మెల్లగా వెనక్కి వంచుతారు. అప్పుడు వీపు మీద పడే మన బరువునే వేగం పెరిగినప్పటి ఒత్తిడిగా లోపలి చెవి, శరీరం పొరబడతాయి. ఈ మాయ సినిమాకూ పనికొస్తుంది, ఆటకూ పనికొస్తుంది. కాబట్టి సీటు కదిలినంత మాత్రాన ఏదీ తేలదు.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1985లో సెగా కంపెనీ ‘హ్యాంగ్ ఆన్’ అనే ఆటను తెచ్చింది. అందులో బొమ్మ మోటార్ సైకిలెక్కి, ఒంటిని పక్కకు వాల్చి మలుపు తిప్పాలి. 1990లో అదే కంపెనీ చేసిన ‘ఆర్ 360’ యంత్రం ఆటగాణ్ణి ఏకంగా తలకిందులు చేసేది. వీటిని వీడియో గేములు కావన్నవారు లేరు. ఆ రెండింటికీ మధ్య, 1987లో, కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్ వినోద పార్కులో ‘స్టార్ టూర్స్’ అనే ఊగే సినిమా మొదలైంది. పైలట్ల శిక్షణకు వాడే సిమ్యులేటర్ల సాంకేతికతతోనే దానిని నిర్మించారు, ఒక్కో గదిలో 40 మంది కూర్చునేవారు. వారి చేతికి మాత్రం ఏ మీటా ఇవ్వలేదు. దానిని ఎవరూ వీడియో గేమ్ అనలేదు.

మీ వారు చెప్పే తెర, కంప్యూటర్ కూడా తీర్పు చెప్పలేవు. 1983 నాటి ‘డ్రాగన్స్ లేయర్’లో బొమ్మలన్నీ ముందే గీసి లేజర్ డిస్క్ మీద ఎక్కించినవే. అయినా ఆటగాడు మీటను సరైన క్షణంలో ఎటు నెట్టాడన్న దానిని బట్టి కథానాయకుడు బతకడమో చావడమో జరిగేది కనుక అది ఆటే అయింది.

చిక్కు వచ్చేది మధ్యలో ఉన్నవాటితో. ఫ్లోరిడాలోని ఎప్‌కాట్ అనే డిస్నీ పార్కులో 2003లో వచ్చిన ‘మిషన్ స్పేస్’ అనే అంతరిక్ష యాత్ర యంత్రంలో ప్రతి ఒక్కరికీ ఒక పదవి ఇచ్చి బటన్ నొక్కమంటారు. నొక్కకపోతే యంత్రమే ఆ పని కానిచ్చేస్తుంది. అలాంటి బటన్ చేతికి పని చూపించడానికే ఉన్నట్టు లెక్క, దానిని నేను ఆటగా ఒప్పుకోను. 2019లో డిస్నీ పార్కుల్లో మొదలైన ‘మిలీనియం ఫాల్కన్’ అనే అంతరిక్ష నౌక వ్యవహారం వేరు. అక్కడ ఆరుగురు కూర్చుంటారు. ఇద్దరు నౌక నడుపుతారు, ఇద్దరు కాలుస్తారు, ఇద్దరు మరమ్మతులు చూస్తారు. వీడియో గేముల తయారీకి వాడే అన్‌రియల్ ఇంజిన్‌తోనే అక్కడి దృశ్యాన్ని అప్పటికప్పుడు పుట్టిస్తారు. కథ నడిచే దారి ముందే గీసినదైనా, నడిపేవారి తప్పులకు నౌక దెబ్బతింటుంది. నా దృష్టిలో అది పార్కులో పెట్టిన వీడియో గేమే.

కనుక మీ అబ్బాయి స్టీరింగు పట్టినందుకే మాట తప్పినట్టు. వెంట తీసుకెళ్లిన మేనమామను కూడా ఒక మాట అడగడం న్యాయం.

ప్రశ్న: నేను కారు నేర్చుకుంటున్న డ్రైవింగ్ స్కూల్‌లో ముందు సిమ్యులేటర్ మీద కూర్చోబెడుతున్నారు. వీడియో గేమ్ ఆడి డ్రైవింగ్ నేర్చుకుంటున్నావా అని మిత్రులు ఎగతాళి చేస్తున్నారు. అది నిజంగా వీడియో గేమేనా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: మీరు చేసే పనిని బట్టి తెర మీద జరిగేది మారుతుంది కనుక పోలిక లేకపోలేదు. అయితే అక్కడ గెలుపు కోసం కాదు, అలవాటు కోసం కూర్చుంటారు. ఈ రెండింటి మధ్య గోడ ఎప్పుడూ పలుచనిదే. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ తయారుచేసిన విమాన శిక్షణ యంత్రం ఇందుకు మంచి ఉదాహరణ. తండ్రి కర్మాగారంలో పియానోలకు, ఆర్గన్లకు వాడే తోలుతిత్తులతోనే ఆయన దానిని ఊగేలా చేశాడు. తెర లేదు, మీట మాత్రం నిజంగా పనిచేసేది. మొదట్లో దానిని ఎక్కువగా కొన్నది వినోద పార్కులవారు. 1934లో విమానాల్లో తపాలా మోస్తూ, వాతావరణం బాగాలేక పలువురు సైనిక పైలట్లు చనిపోయాకే అమెరికా సైన్యం దానిని కొన్నది. జాతర సరుకు సైన్యానికి పనికొచ్చింది కనుక మిత్రుల మాటను పట్టించుకోకండి. ఒక్క సంగతి గమనించండి. మీ స్కూల్ సిమ్యులేటర్ సీటు కదలనిదైతే, బ్రేకు ఎంత గట్టిగా పడిందో ఒంటికి తెలియదు. అది మాత్రం కారులోనే, పక్కన శిక్షకుణ్ణి కూర్చోబెట్టుకుని నేర్చుకోవాలి.