బిడ్డ బీపీటీ చదివితే జెల్ రుద్దుడే పనా?

మిర్యాలగూడ నుంచి ఒక తండ్రి రాశారు: "నేను రైస్ మిల్లులో పనిచేస్త. భుజం పట్టేస్తే పది రోజులు ఫిజియోథెరపీకి పోయిన. రోజూ జెల్ రాసి మిషన్‌తో ఐదు నిమిషాలు రుద్దిన్రు, అంతే. మా బిడ్డ బైపీసీ సెకండియర్, బీపీటీ, అదే ఫిజియోథెరపీ డిగ్రీ, చేస్తానంటోంది. రుద్దడానికి నాలుగేళ్లు చదవాలా?"

అన్నా, మీ డౌటు సగం కరెక్టే.

ఆ మిషన్ అల్ట్రాసౌండ్. కడుపు స్కానింగ్‌లో వాడేదీ చెవికి వినపడని ఇలాంటి శబ్దమే, కాకపోతే అక్కడ తిరిగొచ్చే ప్రతిధ్వనితో బొమ్మ గీస్తారు, ఇక్కడ ఆ శక్తిని కండలోకి దింపి లోపల వేడి పుట్టిస్తారు. చేతిలో పట్టుకునే హెడ్‌లో ఒక స్ఫటికం ఉంటుంది, కరెంటు ఇస్తే సెకనుకు 10 లక్షలసార్లో 30 లక్షలసార్లో అదురుతుంది. అంటే 1 మెగాహెర్ట్జ్, లేదా 3. ఏది లోతుకు పోతుందో బిడ్డను అడగండి. 3 అనుకుంటారు చాలామంది, కానీ ఉల్టా. 3 పైపైన ఒకటి రెండు సెంటీమీటర్లలోనే అయిపోతుంది, 1 అయితే మూడు నుంచి ఐదు దాకా దిగుతుంది. జెల్ కూడా మందేం కాదు. మధ్యలో సన్నటి గాలి పొర ఉన్నా శబ్దం దాదాపు మొత్తం వెనక్కి కొట్టేస్తుంది, ఆ గాలిని తీసేయడానికే జెల్.

ఇక ఆ రుద్దుడు. హెడ్ ఒక్కచోట ఆపితే ఎముక పైపొర దగ్గర వేడి పోగై సూదిలా పొడుస్తుంది. మా అమ్మ మడమకు ఒక క్లినిక్‌లో ఇట్లనే చేశారు, పట్టుకున్నాయన కళ్లు ఫోన్ మీద, అమ్మ కాలు లాక్కుంది. కొత్త వాపైతే వేడి పుట్టకుండా ఆగి ఆగి ఇచ్చే పల్స్‌డ్ మోడ్ పెట్టాలి. క్యాన్సర్ గడ్డ మీద, గర్భిణి కడుపు మీద, కంటి మీద, రక్తం గడ్డకట్టిన కాలి మీద పెట్టనే వద్దు. చదువు కావాల్సింది ఇక్కడే.

కానీ ఉన్నమాట చెప్తా, మిషన్ ఒక్కదానితో నొప్పి పోతుందనడానికి పరిశోధనల్లో ఆధారం బలంగా లేదు. అసలు పని ఎక్సర్‌సైజ్. మీకు చేయి పైకెత్తే ఎక్సర్‌సైజులు ఇచ్చారా, ఇస్తే ఇంట్లో చేశారా? (చేసుండరులే.) నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో కీళ్లు బిగుసుకుపోయిన పెద్దోళ్లకు ఈ మిషన్ ఆ రోగాన్ని నయం చెయ్యదు, ఉన్న కదలిక పోకుండా రోజూ ఓపిగ్గా చేయించే మనిషి కావాలి. ఆ ఓపిక మీ బిడ్డకు ఉందా లేదా అన్నది మార్కుల కంటే ముందు చూడండి.

సీట్లకు వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ ఇస్తుంది. ఫిజియోథెరపీ లాంటి కోర్సులకు 2021లో కొత్త చట్టం వచ్చాక రూల్స్ మారుతున్నాయి, కోర్సు ఎన్నేళ్లు, ఎంట్రన్స్ ఉందా అన్నవి ఈ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూడండి, సీనియర్ల మాట పట్టుకోవద్దు.

ఫీజు కట్టేముందు బిడ్డను ఒక పూట మంచి క్లినిక్‌లో కూర్చోబెట్టండి. హెడ్‌ను పైకి తిప్పి రెండు నీటి చుక్కలు వేసి ఒక్క క్షణం ఆన్ చేసి చూపించమనండి, చుక్కలు బుసబుస పొంగినట్టు వణుకుతాయి. అది చూసి "ఎందుకు?" అని అడిగిందో లేదో నాకు రాయండి.