నాలుగు లక్షల అరవై వేల కారు, పది వేల నిల్వ

ప్రశ్న: నా వయసు 36. విజయవాడ పటమటలో అద్దెకు ఉంటున్నాను. ఒక ప్రైవేటు ఇంజినీరింగు కళాశాలలో అధ్యాపకుడిని. నెలకు 52,000 చేతికి వస్తుంది (గత సంవత్సరం రెండు నెలలు జీతం ఆలస్యమైంది, తరువాత ఇచ్చేశారు). నా భార్య గృహిణి, ఒక పాప. అమ్మానాన్నలు తెనాలి దగ్గర పల్లెలో ఉంటారు. నాన్నగారికి గుండెకు స్టెంటు వేశారు, మూడు నెలలకోసారి విజయవాడ తీసుకురావాలి. 2015 నాటి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ ఆటోమేటిక్ ఒకటి చూశాను. గుంటూరు రిజిస్ట్రేషన్, 68,000 కిలోమీటర్లు తిరిగింది, ఎర్ర రంగు, కొత్తదానిలా మెరిసిపోతోంది. 4,60,000 అంటున్నారు. 5,000 అడ్వాన్సు ఇచ్చాను. మా బావగారు మాత్రం ఆ గేరుబాక్సు పోతే ఇల్లు గుల్ల అంటున్నారు. ఆయిల్ మార్పిస్తే ఏమీ కాదని బ్రోకరు అంటున్నాడు. నా దగ్గర 1,70,000 ఉంది. అందులో 1,60,000 కారుకు పెట్టి, 2,00,000 బ్యాంకులో వ్యక్తిగత రుణం, మిగిలిన లక్ష తెలిసినవారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి తీసుకుందామనుకుంటున్నాను. వారు ప్రామిసరీ నోటు, సంతకం చేసిన రెండు ఖాళీ చెక్కులు అడిగారు. నెలకు 5,000 కట్టే లక్ష రూపాయల చీటీ ఇంకో ఎనిమిది నెలల్లో పూర్తవుతుంది, దానితో ఆ లక్ష తీర్చేస్తాను. ధైర్యం చేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాటను మీరు కుండలీకరణాల్లో పెట్టి దాటేశారు. కారు రంగు చెప్పారు, మెరుపు చెప్పారు. జీతం రాని ఆ రెండు నెలలు ఇల్లు ఎలా నడిచిందో చెప్పలేదు. దాచుకున్న డబ్బు తీసే నడిపి ఉంటారు. ఇప్పుడు అదే డబ్బును కారుకు ఇచ్చేస్తానంటున్నారు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. బండి మారుతుంది, ఊరు మారుతుంది, తప్పు మాత్రం అదే. కొనే ధరకు లెక్క వేస్తారు. కొన్న మర్నాడు పొద్దున్న ఖాతాలో ఎంత మిగులుతుందో లెక్క వేయరు. మీకు మిగిలేది పది వేలు.

మీ బావగారి మాట సంగతి ముందు చూద్దాం. ఆయన ఊరికే భయపెట్టడం లేదు. ఆ కారులో ఉన్న ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేరుబాక్సుకు చెడ్డపేరు మన దేశంలో పుట్టింది కాదు. 2013 మార్చిలో ఫోక్స్‌వ్యాగన్ చైనాలో 3,84,181 కార్లను ఈ తరహా గేరుబాక్సు లోపాల వల్లే వెనక్కి పిలిపించింది. అదే ఏడాది నవంబరులో ఇంకో ప్రకటన వచ్చింది. వేడి, తేమ ఎక్కువగా ఉండి, బండి ఆగుతూ కదులుతూ నడిచే చోట్ల గేరుబాక్సులోని సింథటిక్ ఆయిల్ వల్ల విద్యుత్ లోపాలు తలెత్తవచ్చని, దాని బదులు మినరల్ ఆయిల్ పోయాలని ప్రపంచవ్యాప్తంగా దాదాపు 16 లక్షల కార్లను పిలిపించారు. వేడి, తేమ, ఆగుతూ కదలడం. మే నెల మధ్యాహ్నపు బెంజి సర్కిల్‌ను ఇంతకన్నా క్లుప్తంగా ఎవరు వర్ణించగలరు?

బ్రోకరు చెప్పే ఆయిల్ మాటకు మూలం బహుశా అదే. ఆ సవరణ 2013 నాటిది, మీరు చూసిన కారు 2015ది. డ్రై క్లచ్ అంటేనే ఆయిల్‌లో మునగనిది. ఆయిల్ మార్చి దాని అరుగుదలను ఎలా ఆపుతారో ఆయననే అడగండి. గేర్లను నడిపే మెకట్రానిక్ యూనిట్ పోతే, అధీకృత సర్వీసు కేంద్రంలో కొత్తది వేయించడానికి బిల్లు లక్ష దాటుతుంది. ఈ ఖర్చు మోటారు బీమాలో రాదు. గుద్దుకుంటే ఇస్తారు, దొంగతనమైతే ఇస్తారు, యంత్రం తనంతట తాను చెడిపోతే ఇవ్వరు. ఎంత ఖరీదైన పాలసీ తీసుకున్నా మామూలుగా ఇదే షరతు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. లక్ష కిలోమీటర్లు దాటినా ఏ ఇబ్బందీ పెట్టని బండ్లు అదే మోడల్లో ఉన్నాయి. నడిపినవారు దాన్ని ఎందుకు అంతగా ఇష్టపడతారో నాకూ తెలుసు. మీకు దొరికినది ఆ మంచి బండ్లలో ఒకటి కావచ్చు. కానీ లక్ష రూపాయల బిల్లు వస్తే తట్టుకోగలిగినవాడికే ఆ 'కావచ్చు' అనే మాట పనికివస్తుంది. అదే బండిని, అదే ధరకు, ఖాతాలో నాలుగు లక్షలున్న మీ సహోద్యోగి కొంటానంటే మంచి మెకానిక్కుకు చూపించుకొమ్మని చెప్పి ఊరుకునేవాడిని.

ఇప్పుడు లెక్క. మీరు పంపిన నెలవారీ ఖర్చులు ఇవి: అద్దె 10,000, ఇల్లు 17,000, పాప బడి 4,500, అమ్మానాన్నలకు 4,000, చీటీ 5,000, బైకు పెట్రోలు 2,000. మొత్తం 42,500. మిగిలేది 9,500. రెండు లక్షలకు 15 శాతం వడ్డీతో మూడేళ్ల వాయిదా 6,933. రెండు రూపాయల వడ్డీ అంటే లక్షకు నెలకు 2,000. ఈ రెండూ పోగా మీ చేతిలో ఉండేది 567 రూపాయలు. వాయిదా సర్దుకుంటుందని మీరు ఇక్కడే ఆగిపోయారు. కారు మాత్రం ఇక్కడే బయలుదేరుతుంది. తెనాలికి నెలకు నాలుగుసార్లు వెళ్లివచ్చి, ఊళ్లో కొంచెం తిరిగితే 400 కిలోమీటర్లు. లీటరుకు పదమూడు చొప్పున చూసినా ముప్పై లీటర్లు దాటుతుంది. లీటరు నూరు దాటిన మన రాష్ట్రంలో అది మూడు వేల పైమాటే. అంటే గేరుబాక్సు సలక్షణంగా ఉన్నా మొదటి నెల నుంచే మీరు రెండున్నర వేలు లోటులో ఉంటారు. బీమా ప్రీమియం, టైర్లు, సర్వీసు ఇంకా రాలేదు. ఆ లోటును ఏ డబ్బుతో పూడుస్తారు? మిగిలిన పది వేలతో. అది నాలుగు నెలలు వస్తుంది. అయిదో నెలలో క్రెడిట్ కార్డు, ఆరో నెలలో ఫోనులో అప్పిచ్చే యాప్. ఈ దారిలో వెళ్లినవారిని చాలామందిని చూశాను.

ఆ రెండు రూపాయల వడ్డీ సంగతి చెప్పనివ్వండి. ఏడాదికి 24 శాతం. 'రెండు రూపాయలు' అంటే చిల్లర డబ్బులా వినిపిస్తుంది, అదే ఈ మాటలోని మాయ. బ్యాంకు 24 శాతం అడిగితే మేనేజరుతో పోట్లాడే మనిషి, తెలిసినాయన అడిగితే తలూపుతాడు. అంతకన్నా నన్ను కంగారు పెట్టింది ఆ ఖాళీ చెక్కులు. అయ్యా, మీరు పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి. అంకె వేయని కాగితం మీద సంతకం చేసి ఇంకొకరి బీరువాలో ఎలా పెడతారు? రేపు మాటా మాటా వచ్చి ఆయన దాని మీద రెండు లక్షలని రాసుకుని బ్యాంకులో వేస్తే, అది చెల్లకపోతే, చెక్కు బౌన్సు కేసు మీ మీద నడుస్తుంది. అంత అప్పు లేదని నిరూపించుకునే భారం మీ నెత్తిన పడుతుంది. చీటీతో తీరుస్తానంటున్నారు. ఆ చీటీ రిజిస్టరు చేసినదో కాదో మీరు రాయలేదు. కాకపోతే ఎనిమిదో నెల డబ్బు మీద మొదటి నెలలోనే అప్పు చేయడం గాలిలో దీపం పెట్టడమే.

నా దగ్గరకు ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది ఒకటే ప్రశ్న, మిమ్మల్నీ అదే అడుగుతాను. రేపటి నుంచి జీతం రాకపోతే ఎన్ని రోజులు గడుస్తుంది? ప్రభుత్వ ఉద్యోగి అయితే మూడు నెలల ఖర్చు పక్కన పెట్టుకుంటే సరిపోతుందని చెబుతాను. జీతం ఒకసారి ఆగిన చోట పనిచేసేవారికి ఆరు నెలలకు తగ్గదు. చీటీ వాయిదాను లెక్కలోంచి తీసేస్తే మీ ఇంటికి నెలకు 37,500 కావాలి. ఆరు నెలలకు 2,25,000. మీ దగ్గర 1,70,000 ఉంది, అంటే లక్ష్యానికి మీరు 55,000 దూరంలోనే ఉన్నారు. చాలామందికన్నా మీరు ముందున్నారు, ఆ సంగతి మీరే గుర్తించడం లేదు. కారు కోసం దాన్ని ఖాళీ చేస్తే మళ్లీ అంత కూడబెట్టడానికి, అప్పులు తీర్చుకుంటూ, మూడేళ్లు దాటుతుంది. ఆ మూడేళ్లలో మీ నాన్నగారి గుండె, మీ కళాశాల జీతాలు, ఆ గేరుబాక్సు, ఈ మూడింటిలో ఏదీ మొరాయించకూడదు. నాన్నగారిని ఆస్పత్రికి తీసుకురావడానికే కారు అంటున్నారు, అది మంచి ఆలోచనే. కానీ అర్ధరాత్రి ఆస్పత్రి కౌంటరు దగ్గర అడ్వాన్సు కట్టమన్నప్పుడు బయట నిలిపిన ఎర్ర కారు మీకేమీ సాయం చేయదు. మూడు నెలలకోసారి అద్దె కారు మాట్లాడుకుంటే ఏడాదికి నాలుగు ప్రయాణాలు. ఆ ఖర్చు మీరు ఆ లక్షకు కట్టబోయే వడ్డీ కన్నా తక్కువే.

ఈ ఆరు నెలల నిధిని ఎక్కడ పెట్టాలన్నది పెద్ద విషయం కాదు. సగం పొదుపు ఖాతాలో, సగం ఎప్పుడైనా విరగ్గొట్టుకోగల ఫిక్సెడ్ డిపాజిట్‌లో ఉంచండి. నాన్నగారికి రాష్ట్ర ప్రభుత్వ వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో ఈ నెలలోనే తెలుసుకోండి. మీకు, భార్యకు, పాపకు కళాశాల ఇచ్చే ఆరోగ్య బీమా ఒక్కటే ఉంటే, ఉద్యోగంతో పాటు అదీ పోతుందని గుర్తుంచుకోండి.

మరి కారు? నెలకు 9,500 చొప్పున ఆరు నెలల్లో నిధి నిండుతుంది. ఆ తరువాత మిగిలేదీ, ఎనిమిదో నెలలో చీటీ చేతికొస్తే ఆ లక్షా, చీటీ పోటు తప్పాక నెలకు 14,500, ఇవన్నీ కలిపితే ఇవాళ్టి నుంచి ఏడాదిన్నరలో రెండున్నర లక్షలు దాటుతాయి. ఆ డబ్బుకు అప్పు లేకుండా, మామూలు గేర్లతో, ఆటోనగర్‌లో ఏ షెడ్డుకు తీసుకెళ్లినా విడిభాగాలు దొరికే చిన్న కారు వస్తుంది. మెరవదు. సరే.

అప్పుడైనా ఇప్పుడైనా, విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పాత కారు కొనేవారు ఒక పరీక్ష తప్పక చేయాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి, వాటిలో కార్లూ ఉన్నాయి. అన్నీ తుక్కు దుకాణాలకే వెళ్లాయనుకోకండి. ఆ తరువాత కొన్ని నెలలకు మా బంధువు ఒకరు తళతళలాడే కారు చూపించి ఎలా ఉందని అడిగితే, నేను ముందు సీటు బెల్టును చివరిదాకా లాగాను. లోపల చుట్టుకుని ఉండిపోయే చివరి జానెడు పట్టీ మీద ఎండిన బురద గీత ఉంది. సీట్లు కొత్తవి, తివాచీ కొత్తది, సువాసన కూడా కొత్తదే. బెల్టు చివర తుడవాలని మాత్రం ఎవరికీ తోచలేదు. స్టెప్నీ ఉంచే గుంట, సీటు జరిపే పట్టాల కింద తుప్పు, ఇవి కూడా చూడండి. మీరు చూసిన కారు రిజిస్ట్రేషన్ గుంటూరుదే కావచ్చు, ఆ సెప్టెంబరులో అది ఎక్కడ నిలిపి ఉందో నంబరు పలక చెప్పదు. అన్ని ఎలక్ట్రానిక్ భాగాలున్న గేరుబాక్సు ఒకసారి నీళ్లు తాగితే దాని గురించి ఇక చర్చ అనవసరం. బీమా కంపెనీ దగ్గర పాత క్లెయిముల వివరాలు చూపమని అమ్మేవారినే అడగండి. పేరు మార్పు తరువాత చూసుకుందామనే బ్రోకరు దగ్గర ఏ కారూ కొనకండి. ఆర్సీ, బీమా రెండూ మీ పేరుకు మారకుండా ప్రమాదం జరిగితే, మీ కారు నష్టానికి బీమా కంపెనీ డబ్బు నిరాకరించగలదు.

ఆ చెక్కులు ఇప్పటికే ఇచ్చి ఉంటే, ముందు వాటిని వెనక్కి తెచ్చుకుని మీ చేతులతో చింపేయండి. ఇవ్వనంటే బ్యాంకుకు వెళ్లి ఆ రెండు నంబర్లకూ చెల్లింపు ఆపమని రాసివ్వండి. ఇక మీరు ఇచ్చిన అడ్వాన్సు అయిదు వేలు. అది పోతుందనే బెంగతోనే మీరు ఈ బేరం వదలలేకపోతున్నారని ఉత్తరం చదివితే అర్థమవుతోంది. ఒకసారి మర్యాదగా అడగండి. ఇస్తే తీసుకోండి, ఇవ్వకపోతే వదిలేయండి.